8 టీబీ డెస్క్‌టాప్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవులు: ఏళ్ల తరబడి వాడాక

ఈ సమీక్ష జేబులో పట్టే చిన్న డ్రైవుల గురించి కాదు. లోపల 3.5 అంగుళాల డిస్కు ఉండి, విడిగా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే పెద్ద డబ్బాల గురించి: సీగేట్ ఎక్స్‌పాన్షన్ డెస్క్‌టాప్, డబ్ల్యూడీ మై బుక్, డబ్ల్యూడీ ఎలిమెంట్స్ డెస్క్‌టాప్ లాంటివి. ఇంట్లో విండోస్ కంప్యూటర్‌కు తగిలించి పెళ్లి వీడియోలు, ఫొటోలు, బ్యాకప్‌లు దాచుకోవడానికి వీటిని ఏళ్లుగా వాడుతున్నాను.

ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. టీబీకి ఎంత పడుతుందో లెక్క వేస్తే ఎస్‌ఎస్‌డీలు వీటి దరిదాపుల్లోకి రావు. కాకపోతే ఈ డబ్బాల్లో డిస్కు కంటే దాని చుట్టూ ఉన్నవే ముందు మొరాయిస్తాయి. అడాప్టర్, కేబుల్, లోపలి చిన్న యూఎస్‌బీ బోర్డు, వేడి, కరెంటు. "డ్రైవ్ పోయింది" అనుకునే ముందు చూడాల్సింది వీటినే.

సామర్థ్యం గురించి ఒక్క మాట. 8 టీబీ కొంటే విండోస్ 7.27 టీబీ చూపిస్తుంది. దుకాణదారు మోసమేమీ లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, అంతే.

డబ్బా రాగానే ఫైళ్లు ఎక్కించొద్దు. వాపసు గడువు ఉండగానే డిస్కు మొత్తాన్ని పరీక్షించాలి. విండోస్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు "క్విక్" అన్నచోట టిక్ తీసేస్తే డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది. 8 టీబీకి, సగటున సెకనుకు 150 ఎంబీ చొప్పున, దాదాపు 15 గంటలు పడుతుంది. రాసింది తిరిగి చదివి సరిచూడాలంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ ఉంది, దానికి రాయడానికో 15, చదవడానికో 15 గంటలు. మొదట్లో వేగం సెకనుకు 180 ఎంబీ పైన కనిపించి, చివరికి వచ్చేసరికి సగానికి పడిపోతే కంగారు పడనక్కర్లేదు. డిస్కు బయటి అంచు నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఒక చుట్టులో పట్టే డేటా తగ్గుతుంది. పరీక్ష అయ్యాక డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి, చెడిపోయిన, చెడిపోతున్న చోట్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 వరుసలు చూడాలి. కొత్త డ్రైవులో మూడూ సున్నా ఉండాలి. ఒక్కటి పెరిగినా తిరిగి పంపేయడమే.

పార్టిషన్ పట్టిక (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసి ఉండే జాబితా) జీపీటీ రకం అయి ఉండాలి. పాత ఎంబీఆర్ అయితే మామూలుగా 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. ఇక ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి. కొన్ని డబ్బాలు ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో, కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. ఇంట్లో అన్నీ విండోస్ కంప్యూటర్లే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసుకోండి. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నల్ ఉండదు. ఏం మార్చబోతున్నదీ ముందుగా రాసుకునే చిట్టా అది. కాపీ మధ్యలో కరెంటు పోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌లో ఒక్కోసారి ఫోల్డర్‌కు ఫోల్డరే కనిపించకుండా పోతుంది. పైగా ఇంత పెద్ద డ్రైవుకు విండోస్ ఎక్స్‌ఫ్యాట్ క్లస్టర్‌ను (ఒక ఫైలుకు ఇచ్చే కనీస చోటును) 128 కేబీగా పెడుతుంది. 5 కేబీ ఫైలైనా 128 కేబీ చోటు తింటుంది. అలాంటి చిన్న ఫైళ్లు 2 లక్షలు ఉంటే 24 జీబీ ఊరికే పోయినట్టు. మ్యాక్ కూడా ఉంటే మాత్రం ఎక్స్‌ఫ్యాట్ తప్పదు, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది కానీ దానిమీద రాయదు.

అన్నిటికంటే ఎక్కువ మందిని విసిగించేది ఎస్‌ఎమ్‌ఆర్. ఈ రకం డిస్కుల్లో ట్రాకులు (డేటా రాసే చుట్లు) ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక్కదాన్ని తిరగరాయాలంటే దాని తర్వాత వరుసగా ఉన్నవన్నీ మళ్లీ రాయాలి. ఆ ఆలస్యం కనబడకుండా డ్రైవ్ ముందు ఒక చిన్న ప్రత్యేక భాగంలో రాసుకుని, తీరిక దొరికినప్పుడు అసలు చోట్లకు సర్దుతుంది. అందుకే మొదటి కొన్ని పదుల జీబీలు పరుగెత్తుతాయి, ఆ భాగం నిండగానే వేగం సెకనుకు 20, 30 ఎంబీకి, చిన్న ఫైళ్లయితే ఇంకా కిందికి జారిపోతుంది. ఖాళీ డ్రైవులో ఈ బాధ తెలియదు. నిండి, చెరిపి, మళ్లీ రాసిన డ్రైవులోనే తెలుస్తుంది. రెండు రోజుల వాడకంతో రాసిన సమీక్షల్లో ఈ సంగతి కనిపించకపోవడానికి కారణం అదే.

కాపీ అయిపోయాక కూడా లోపల గరగర వినిపిస్తూ ఉంటే సర్దుబాటు జరుగుతోందని అర్థం. అరగంటో గంటో అలాగే వదిలేయండి. డబ్బా మీద ఎస్‌ఎమ్‌ఆరో కాదో సాధారణంగా రాయరు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో లోపలి డిస్కు మోడల్ నంబరు చూసి, కంపెనీలు తమ సైట్లలో పెట్టిన జాబితాతో పోల్చుకోవాలి. 2020లో కొన్ని నాస్ (నెట్‌వర్క్‌కు కలిపే నిల్వ పెట్టె) డ్రైవులు చెప్పకుండా ఎస్‌ఎమ్‌ఆర్‌గా అమ్మారని గొడవ రేగాక ఈ జాబితాలు బయటికొచ్చాయి. 8 టీబీ సీగేట్ బారాకుడా ఆ జాబితాలో ఎస్‌ఎమ్‌ఆర్ కిందే ఉంది. డబ్ల్యూడీ డబ్బాల్లో 8 టీబీ, ఆపైన చాలావరకు ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కని పాత పద్ధతి సీఎమ్‌ఆర్ డిస్కులే. సినిమాలు, వీడియోలు ఒకసారి ఎక్కించి చూసుకునేవాళ్లకు ఎస్‌ఎమ్‌ఆర్‌తో ఇబ్బంది లేదు. రోజూ బ్యాకప్ మారుతూ ఉండేవాళ్లు, డ్రైవ్ మీదే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు దాని జోలికి పోకూడదు.

పోర్టు సంగతి. యూఎస్‌బీ 2 పోర్టులో 1 టీబీ కాపీకి 8 గంటలు, యూఎస్‌బీ 3లో రెండు గంటలు. క్యాబినెట్ ముందున్న పోర్టులు లోపల సన్నని వైరుతో మదర్‌బోర్డుకు కలుస్తాయి, పెద్ద కాపీల మధ్యలో డ్రైవ్ మాయమై మళ్లీ ప్రత్యక్షమయ్యేది ఎక్కువగా వీటి దగ్గరే. వెనక పోర్టుకే పెట్టండి. డబ్బా వైపుండే వెడల్పాటి మైక్రో బీ ప్లగ్గు ఈ మొత్తం ఏర్పాటులో బలహీనమైన చోటు. కొంచెం కదిలినా లింకు తెగుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 పెరుగుతుంటే మాత్రం డిస్కును కాదు, ముందు డబ్బా లోపల డిస్కుకూ యూఎస్‌బీ బోర్డుకూ మధ్య కనెక్షన్‌ను అనుమానించాలి. కేబుల్ మార్చేటప్పుడు మీటరు లోపు పొడవున్నదే కొనండి. కంప్యూటర్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, వాడకం లేని పోర్టును నిద్రపుచ్చే "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" ఆపేస్తే ఊరికే తెగిపోవడం ఇంకా తగ్గుతుంది.

ఇంకో చిత్రం: డ్రైవ్ పని చేస్తున్నప్పుడు వైర్‌లెస్ మౌస్ తడబడుతుంది. యూఎస్‌బీ 3 సంకేతాల రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే వివరించింది. మౌస్ రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా జరిపితే సరిపోతుంది.

మన ఊళ్లలో అసలు శత్రువు మే నెల. ఈ డబ్బాలకు కంపెనీలు సాధారణంగా చెప్పే గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఆ గీత మధ్యాహ్నానికే దాటిపోతుంది. డబ్బాలో ఫ్యాను ఉండదు, గాలి కింది కన్నాల్లోంచి పైకి పోవాల్సిందే. కాబట్టి నిలబెట్టే డబ్బాను నిలబెట్టే ఉంచాలి, మానిటర్ వెనక గోడకు ఆనించి పెట్టకూడదు. పెద్ద కాపీలు రాత్రికి పెట్టుకోవాలి. డిస్కు 50 డిగ్రీలు దాటుతుంటే పక్కన యూఎస్‌బీతో నడిచే చిన్న ఫ్యాను పెట్టండి, ఎనిమిది పది డిగ్రీలు దిగుతుంది. 60 అన్నది చాలా డిస్కులకు పై హద్దు, అక్కడిదాకా పోనివ్వొద్దు.

కరెంటు విషయంలో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. సీపీయూ, మానిటర్ యూపీఎస్‌కు పెట్టి, డ్రైవ్ అడాప్టర్‌ను మాత్రం మామూలు స్పైక్ బస్టర్‌కు పెడతారు. కరెంటు పోతే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, రాస్తున్న డ్రైవ్ ఆగిపోతుంది. అడాప్టర్ కూడా యూపీఎస్‌లో బ్యాటరీ ఉన్న సాకెట్‌కే పోవాలి. అడాప్టర్ సామర్థ్యమే 18 నుంచి 24 వాట్లు, 600 వీఏ యూపీఎస్‌కు అదొక బరువు కాదు. ఇన్వర్టర్ మీద ఆధారపడితే దాన్ని "యూపీఎస్ మోడ్"లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

అడాప్టర్ పోతే చేతికి దొరికింది తగిలించొద్దు. రౌటర్ అడాప్టర్ పిన్ను సరిగ్గా పట్టొచ్చు, వోల్టులు కూడా 12 ఉండొచ్చు, కానీ 1 ఆంపియరే ఇస్తుంది. డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకు చాలా ఎక్కువ లాగుతుంది. దాంతో టిక్కుమని ఆగడం, మళ్లీ మొదలవడం. అది చూసి డిస్కు చచ్చిందనుకుంటారు. 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ అయితే బోర్డునే కాల్చేస్తుంది. 12 వోల్టులు, కనీసం 2 ఆంపియర్లు, మధ్య పిన్ను ప్లస్: ఈ మూడూ కలిస్తేనే పెట్టండి.

శబ్దాల్లో అన్నీ చావు కబుర్లు కావు. కొన్ని హీలియం డిస్కులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అయిదు సెకన్లకోసారి "టక్" అంటాయి. డేటా చదివే తలను ఒకేచోట నిలపకుండా జరిపే ఏర్పాటు అది. పడగ్గదిలో కంప్యూటర్ ఉన్నవాళ్లకు మాత్రం చిరాకే. కాసేపు వాడకపోతే డిస్కు నిద్రపోతుంది, మళ్లీ ఫోల్డర్ తెరిస్తే లేవడానికి పది పదిహేను సెకన్లు తీసుకుంటుంది, ఆలోగా ఎక్స్‌ప్లోరర్ కొయ్యబారుతుంది. లోపం కాదు.

డ్రైవ్ తీయబోతే "వాడకంలో ఉంది" అని విండోస్ మొండికేస్తే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 225 నంబరు చూడండి. ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో పేరుతో సహా ఉంటుంది. ఎక్కువసార్లు యాంటీవైరస్సే. డ్రైవుకు ఎమ్ తర్వాతి అక్షరం ఏదైనా శాశ్వతంగా ఇచ్చేయండి, పెన్ డ్రైవులు వచ్చి పోతున్నా బ్యాకప్ దారి తప్పదు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్లకు: అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చే ముక్క చాలు. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లకపోవచ్చు, సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో వేసి చూసుకోవాలి. డబ్బా విప్పి డిస్కును కంప్యూటర్ లోపల పెట్టుకుందామనుకుంటే రెండు చిక్కులు. కొన్ని డబ్ల్యూడీ డబ్బాల్లో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డే డేటాను గుప్తీకరిస్తుంది, విప్పి నేరుగా తగిలిస్తే ఖాళీ డిస్కులా కనిపిస్తుంది. అందుకే విప్పేముందు డేటా వేరేచోటికి తీయాలి. రెండోది, కొన్ని డిస్కులు పాత పవర్ సప్లైతో అసలు తిరగవు. 3.3 వోల్టుల పిన్ను మీద వచ్చే కరెంటును "ఆగిపో" అన్న సంకేతంగా తీసుకుంటాయి. సాటా పవర్ వైపు మూడో పిన్ను మీద కాప్టాన్ టేపు అంటిస్తే తిరుగుతాయి.

ఇంకో డ్రైవుకు నకలు తీయడానికి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ చాలు. ఆర్ (ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి), డబ్ల్యూ (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి) స్విచ్‌లను 1కి తగ్గించండి, లేకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. నకలును అచ్చం మూలంలా చేసి, మూలంలో లేనివి చెరిపేసే ఎంఐఆర్ స్విచ్ వాడేముందు ఏది మూలమో ఏది నకలో రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే మూలం తుడిచిపెట్టుకుపోతుంది. డబ్బులు పరిమితమైతే ఒక 16 టీబీ కంటే రెండు 8 టీబీలు మేలు, రెండోది పని లేనప్పుడు ప్లగ్గు తీసి బీరువాలో.

సీ5 అంకె పెరగడం మొదలైతే, డిస్కు తప్పులు సరిచేసే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్ నడపొద్దు. ఆర్ స్విచ్‌తో నడిపితే నీరసించిన డిస్కును అది చివరిదాకా చదివించి మరింత నలిపేస్తుంది. ముందు ముఖ్యమైన ఫోల్డర్లు, తర్వాత మిగతావి వేరే డ్రైవుకు తీయాలి. అక్కడక్కడ ఆగిపోతుంటే లైనక్స్ పెన్ డ్రైవుతో బూట్ చేసి, చెడ్డ డిస్కుల నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ ప్రోగ్రామ్‌తో మొత్తం నకలు తీయొచ్చు. వారంటీకి పంపడం ఆ తర్వాతే. కంపెనీ వేరే డ్రైవ్ ఇస్తుంది, పాతదాంట్లో ఉన్న ఫైళ్లు తిరిగి రావు.