మా బడి వాట్సాప్ గ్రూపు: ఏడు సంక్రాంతులు వాడాక

ముందే చెప్తున్నాను, నేను ఫోన్ల గురించి బాగా తెలిసిన మనిషిని కాను. హనుమకొండ జిల్లా ముల్కనూర్ దగ్గర ఒక పల్లెలో, ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెప్పే ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. 2018 డిసెంబర్‌లో తల్లిదండ్రుల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టాం. సంక్రాంతి సెలవులు ఎప్పటి నుంచి, బడి మళ్లీ ఎప్పుడు అన్న రెండు తేదీలు ఇంటింటికీ చేరితే చాలనుకున్నాం. అంతకుముందు బోర్డు మీద రాసి డైరీల్లో ఎక్కించేవాళ్లం. రెండో తరగతి పిల్లవాడు ఎక్కించుకున్న తేదీని వాళ్లమ్మ నమ్ముకోవాలి. 17ను 71 అని రాసుకుపోయినవాడు ఉన్నాడు మా బడిలో.

2019 నుంచి 2025 దాకా ఏడు సంక్రాంతులు దాటాయి. ఐదుకు మూడున్నర ఇస్తాను. మొదటి ఏడాదే అడిగి ఉంటే ఒకటి ఇచ్చేదాన్ని.

మొదటి ఏడాది తప్పంతా మాదే. పెట్టిన మెసేజ్ "ఇందుమూలంగా తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలైంది. సెలవులు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, పతంగుల జాగ్రత్తలు, రోజుకో పేజీ చేతిరాత, అన్నీ అందులోనే కుక్కాం. వేలితో రెండు మూడు సార్లు జరిపితే గానీ చివరికి రాదు. ఎవరెవరు చూశారో నొక్కి చూస్తే దాదాపు అందరి పేర్లూ ఉన్నాయి. మేం సంబరపడ్డాం. బడి తెరిచిన రోజు సగం బెంచీలు ఖాళీ. సాయంత్రం పాలకేంద్రం దగ్గర ఒక తల్లి కనిపిస్తే, మెసేజ్ చూడలేదా అమ్మా అని అడిగాను. "చూసిన మేడం. సదువుడు రాదు గద" అంది.

మా పిల్లల తల్లుల్లో చదవడం రానివాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియనిది కాదు. అడ్మిషన్ ఫారాల మీద వేలిముద్రలు వేయించింది నేనే. అయినా ఫోన్ చేతిలో ఉందంటే చదువుతారులే అనుకున్నాను.

2020 సంక్రాంతికి రాయడం మానేసి మాట్లాడాను. వాయిస్ మెసేజ్, నిమిషం లోపు. మొదటి మాటే తేదీ. "బడి గురువారం దాక ఉంటది, మళ్ల ఫలానా రోజు తెరుస్తం" అని, ఊళ్లో మాట్లాడినట్టే. మొదట్లో మొహమాటంగా ఉండేది. టీచర్ అన్నాక పుస్తకం భాషలోనే మాట్లాడాలని మాకు ఒక బెరుకు ఉంటుంది కదా. ఒకసారి శ్రద్ధగా, స్పష్టంగా పలికి పంపితే మా నాలుగో తరగతి పిల్ల మరునాడు వచ్చి, "మేడం, మా అమ్మ నిన్ను కంపెనోళ్ల ఫోన్ అనుకుని బంద్ చేసింది" అంది. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను.

ఏ టైంకి పంపాలన్నది తెలుసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. డిసెంబర్, జనవరి అంటే మా వైపు పత్తి ఏరుడు చివరికొచ్చి, మిర్చి తోటల పని ఊపందుకునే కాలం. పొద్దున ఏడింటికే ట్రాలీ ఎక్కి పోతారు. మధ్యాహ్నం పంపిన మెసేజ్ రాత్రికి వేరే నలభై మెసేజ్‌ల కింద పడిపోతుంది. చేను నుంచి వచ్చి, పాలు పోసి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చునే వేళ రాత్రి ఎనిమిది. ఇప్పుడు ఎనిమిది దాటాకే పంపుతున్నాను. వాయిస్ మెసేజ్‌లో ఇంకో వీలు ఉంది. ఎవరు ప్లే చేశారో విడిగా కనబడుతుంది. చూడటం వేరు, వినడం వేరు.

ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూసుకోవాలి. మాది పాత కరీంనగర్ జిల్లా, 2016 జిల్లాల విభజనలో ఇటు వచ్చాం. గల్ఫ్‌కు పోయినవాళ్లు ప్రతి వాడలో ఉంటారు. మా గ్రూపులో అందరికంటే ముందు వినేది దుబాయ్‌లో ఉన్న ఒక తండ్రి. మాకు ఎనిమిదైతే ఆయనకు ఆరున్నర, డ్యూటీ దిగి రూముకు వచ్చే టైం. ఆయన విని ఇంటికి ఫోన్ చేసి, "ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టినవా" అని భార్యను అడుగుతాడు. ఊళ్లో ఉన్న నాన్నల్లో అంత పట్టించుకునేవాళ్లు తక్కువ, ఈ మాట రాసినందుకు కొందరు అలిగినా సరే. కొన్నిళ్లలో ఫోన్ నాన్నతో పాటు ఆటోలో హుజూరాబాద్ పోయి రాత్రి పదింటికి వస్తుంది. కొన్ని ఇళ్లలో బటన్ ఫోనే. రీచార్జ్ అయిపోయి నెట్ లేని ఇళ్లు నెలకు మూడో నాలుగో ఉంటాయి.

వీళ్ల కోసం గ్రూపు బయట ఒక ఏర్పాటు చేసుకున్నాం. మా వైపు ముల్కనూర్ మహిళా డెయిరీకి పాలు పోసేది ఆడవాళ్లే, అది ఆడవాళ్ల సహకార సంఘం. పొద్దున, సాయంత్రం తల్లులు డబ్బాలు పట్టుకుని పాలకేంద్రానికి వచ్చి వరుసలో నిలబడతారు. అక్కడ గోడకు ఒక కాగితం అంటిస్తాం. పెద్ద అక్షరాలు, రెండు తేదీలు, అంతే. చదవడం వచ్చిన ఒకామె పైకి చదివితే వరుసంతా వింటుంది. బర్రె లేని ఇళ్లకు మాత్రం పక్కింటి పిల్లలే దిక్కు. ఈ పద్ధతికి ఐదుకు నాలుగున్నర. గ్రూపు కంటే ఎక్కువ ఇచ్చానని నాకే నవ్వొస్తోంది.

కరోనా రెండేళ్లు గ్రూపు లేకపోతే మా పని అయ్యేది కాదు. 2020 సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి, ఆపై వాళ్లకు టీవీలో, అంటే రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఏ పాఠం ఎన్నింటికో గ్రూపులోనే చెప్పాం. 2022లో సెలవులు జనవరి 8 నుంచి 16 వరకు అన్నారు, తర్వాత 30 దాకా పొడిగించారు. పాత వాయిస్ మెసేజ్ విన్నవాళ్లు 17న పిల్లలను తయారు చేసి పంపారు. గేటుకు తాళం. కొత్త మెసేజ్ కూడా పెట్టాం, కాని కొందరు పాతదే మళ్లీ విన్నారు. అప్పటి నుంచి తేదీ మారితే, అందరి ఫోన్లలో డిలీట్ చేసే గడువు ఇంకా ఉంటే పాత మెసేజ్ తీసేసి, ఆ తర్వాతే కొత్తది పెడుతున్నాను.

ఇక గ్రూపులో చెత్త. గుడ్ మార్నింగ్ పూలు, దేవుళ్ల ఫొటోలు, ఎన్నికలప్పుడు పార్టీ వీడియోలు. ఒకాయన అయితే మూడు ఎకరాల భూమి అమ్మకానికి పెట్టాడు. మేం విసిగిపోయి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాం. చెత్త ఒక్క రోజులో ఆగింది. దాంతో పాటు తల్లిదండ్రులూ ఆగిపోయారు. గ్రూపు పంచాయతీ మైకులా తయారైంది. మేం చెప్తాం, వాళ్లు వింటారు. "మా పిలగానికి జరం, రేపు రాడు" అనే మాట కూడా రావడం మానేసింది. ఆ అడ్మిన్ సెట్టింగ్ వల్ల మేం రెండేళ్లు పోగొట్టుకున్నామని నా లెక్క. వేరే బడుల టీచర్లు దాన్ని మెచ్చుకుంటారు, నేను మెచ్చుకోను.

2023 సంక్రాంతికి ముందు మూడు రోజులు గ్రూపు తెరిచి పెట్టి ఒకటే అడిగాను: "మీ ఇంట్ల సకినాలు ఎట్ల చేస్తరు? మీ పిల్ల పక్కన కూసుంటే చెప్పి పంపండి." రెండు మూడు వస్తాయేమో అనుకున్నాను. పందొమ్మిది వచ్చాయి. ఒక నానమ్మ నాలుగు నిమిషాలు చెప్పింది. బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పిండి పట్టించాలట. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలపాలట. తెల్ల బట్ట మీద చేతితో చుట్లు తిప్పి, కాస్త ఆరాక నూనెలో వేయాలట. చుట్టు తిప్పడం రాని కోడలి మీద ఒక చురక కూడా వేసింది, వెనక కోడలి నవ్వు వినబడుతోంది. సెలవుల తర్వాత ఆ వాయిస్‌లు తరగతిలో వినిపించి, విన్నది రాయమన్నాను. చదవడం, లెక్కలు గట్టిపరిచే సర్కారు కార్యక్రమం తొలిమెట్టులో ధారాళంగా చదివించడానికి కార్డులు ఇస్తారు, మేమూ చదివిస్తాం. కాని తన నానమ్మ చెప్పిందని తెలిసిన ముక్కను చదివేటప్పుడు ఆ పిల్ల గొంతే మారిపోయింది. తడబడకుండా చదివింది.

మరుసటి ఏడాది ముగ్గు అడిగాం. సెలవుల్లో చేతిరాత పేజీలు ఇస్తే అక్క రాసిపెడుతుంది, అది అందరికీ తెలిసిందే. అందుకే పండగ రోజు వాకిట్లో వేసిన ముగ్గు ఫొటో పంపి, ఎన్ని చుక్కలో పిల్ల నోటితో చెప్పించమన్నాం. ఏడు చుక్కలు నాలుగు దాకా సందు చుక్క ఒకరు పంపారు. నడుమ ఏడు, అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం ముప్పై ఏడు. మూడో తరగతి పిల్లవాడు ఒక పక్క కూడి, రెండింతలు చేసి, నడిమి ఏడు కలిపాడు. నేను నేర్పింది కాదది. వాళ్లమ్మకు అక్షరాలు రావు. చుక్కల లెక్క ఆమెదే.

నేను ఇచ్చిన మూడున్నరలో రెండు ఈ రెండు పండగలవే.

మార్కు తగ్గించిన చోట్లూ చెప్పాలి. ఒక డిసెంబర్‌లో ఎఫ్ఏ-3 (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కుల పట్టిక మొత్తం ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పని తొందరగా అవుతుందని. అందరి మార్కులూ అందరూ చూశారు. అన్నిటికంటే తక్కువ వచ్చిన పిల్ల తల్లి ఆ తర్వాత సమావేశానికి రాలేదు, గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఇంటికి పోయి మాట్లాడాను, మంచినీళ్లు ఇచ్చింది, మాట మాత్రం ముభావంగానే ఉంది. ఇప్పుడు మార్కులు ఎవరివి వాళ్లకే, కార్డు చేతికిచ్చి చెప్తాం. ఒక్కో తల్లికి ఐదు నిమిషాలు పడుతుంది, పట్టనీ.

రెండోది మిర్చి. సంక్రాంతి తర్వాత మా హాజరు పడిపోయేది పండగ మత్తు వల్ల కాదు, తోటల్లో ఏరుడు మొదలవడం వల్ల. ఐనవోలు, కొత్తకొండ జాతరలకు పోయినవాళ్లు రెండు మూడు రోజుల్లో వస్తారు. మిర్చికి పోయినవాళ్లు మార్చి దాకా రారు. "పిల్లలను ఏరుడుకు తీసుకపోకండి" అని ఒకసారి వాయిస్ పెట్టాను, కొంచెం గట్టిగానే. ఒక తండ్రి విడిగా జవాబు పెట్టాడు: "ఏరుడుకు కాదు మేడం. చిన్నోన్ని ఎవరు చూడాలె?" ఐదో తరగతి అమ్మాయి ఇంట్లో తమ్ముణ్ని ఆడిస్తోంది. ఆ పిల్లవాడికి మూడేళ్లు దాటాయి. అంగన్‌వాడీ టీచర్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాం, మరునాటి నుంచి అక్క తమ్ముణ్ని అక్కడ దింపి బడికి వచ్చింది. గ్రూపులో ఎంత అరిచినా ఇది తెలిసేది కాదు. ఆయన విడిగా ఒక ముక్క రాశాడు కాబట్టి తెలిసింది.

పతంగుల మాంజా గురించి ఏటా చెప్తాను. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా ఎవరో ఒకరు చాటుగా తెస్తూనే ఉన్నారు. బావులు, కరెంటు తీగలు, కాకతీయ కాలువ దగ్గరి ఊళ్లలో చుట్టాలింటికి పోయే పిల్లలకు కాలువ నీళ్లు, ఇవన్నీ ఒక్క వాయిస్‌లో చెప్తే ఏదీ గుర్తుండదు. రోజుకొకటి, ఇరవై సెకన్లు. అది కూడా ఏదో పిల్లవాడితో చెప్పిస్తే తల్లులు రెండోసారి వింటున్నారు. నా గొంతు రెండోసారి ఎవరూ వినరు.

కొత్తగా గ్రూపు పెట్టబోయే టీచర్లు ఒకటి గమనించండి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఇంకోటి ఉంటుంది, అందులో పంపితే ఒక్కొక్కరికీ విడిగా పోతుంది. కాని మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. నేను తెలియక ఒక ఏడాది వాడాను. ఇప్పుడు జూన్‌లో అడ్మిషన్ రోజే వాళ్ల ఫోన్ తీసుకుని "బడి మేడం" అని నేనే సేవ్ చేసి ఇస్తున్నాను.

2025లో సెలవులు జనవరి 11 నుంచి 17 దాకా. తెరిచేది 18, శనివారం. మరునాడు ఆదివారం. ఒక్క రోజు కోసం అమ్మమ్మ ఊరి నుంచి ఎవరొస్తారు? పైగా ఆ శనివారం నెలలో మూడోది, తల్లిదండ్రుల సమావేశం రోజు. ఇది డిసెంబర్‌లోనే చూసుకుని, సెలవులకు ముందే సాయంత్రం పూట తల్లులను బడికి పిలిచి కార్డులు ఇచ్చేశాం. 18న వచ్చే పిల్లలు ఇంటి నుంచి సకినాలు తెచ్చుకుని పంచుకోవచ్చని పిల్లలతోనే వాయిస్ పెట్టించాం. ముప్పావు బడి వచ్చింది. డబ్బాలు చూసి, మధ్యాహ్న భోజనం వండే అక్క ఈ రోజు నాకు పని తక్కువ అంది.

ఈసారి మార్చాల్సింది ఒకటే మిగిలింది. పాలకేంద్రం గోడకు అంటించే కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాలి. ఆ 2025 జనవరిలో ఎవరిదో డబ్బా తగిలి పాలు చింది, స్కెచ్ పెన్ రాత కారిపోయింది. 18లో ఒకటి పోయి ఎనిమిదే మిగిలింది. ఇద్దరు తల్లులు బడికి వచ్చి, బడి ఎనిమిదో తారీఖున తెరిస్తే మరి సెలవులు ఎప్పుడు మేడం అని అడిగారు.