పాత స్పోర్ట్స్ కారు అడుగున ఏది మేలు: ఎయిర్ డ్యామా, ఫ్లాట్ ఫ్లోరా, డిఫ్యూజరా?

చెన్నైలో పాత స్పోర్ట్స్ కార్లు పెట్టుకుని ఆదివారం తెల్లారకముందే ఈసీఆర్ (సముద్రం పక్కన సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కే మన తెలుగువాళ్లలో ఇప్పుడు ఒకటే వాదన. అడుగున ఏం బిగించాలి? ముక్కు కింద గాలిని ఆపే పలక, అంటే ఎయిర్ డ్యామా, కిందంతా మూసేసే ఫ్లాట్ ఫ్లోరా, వెనక అడుగున పైకి వాలుగా లేచే డిఫ్యూజరా? ఫోటోల్లో ఎప్పుడూ డిఫ్యూజరే గెలుస్తుంది. ఈ ఊళ్లో మాత్రం నా ఓటు ఎయిర్ డ్యామ్‌కే, అదీ వెనక చిన్న స్పాయిలర్ తోడుంటేనే.

అసలు జబ్బేమిటో ముందు చూద్దాం. అరవైలు, డెబ్భైల నాటి కార్లు చాలావరకు గాలిని చీల్చుకుపోయేలా గీసినవే తప్ప నేలను పట్టుకునేలా గీసినవి కావు. వేగం పెరిగేకొద్దీ ముక్కు లేస్తుంది, స్టీరింగ్ చేతిలో తేలికవుతుంది. డాట్సన్ 240జెడ్‌కు ఈ విషయంలో పెద్ద పేరే ఉంది. కారు ముందు వైశాల్యం 1.8 చదరపు మీటర్లు, లిఫ్ట్ గుణకం (గాలి కారును ఎంతగా పైకెత్తుతుందో చెప్పే అంకె) 0.3 అనుకుని లెక్క వేయండి. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర గాలి ఎత్తే బలం సుమారు 6 కిలోలు. 100 దగ్గర 24 కిలోలు. 160 దగ్గర 60 దాటిపోతుంది. వెయ్యి కిలోల కారుకు అది చిన్న సంగతి కాదు. కానీ అన్నా సాలై ట్రాఫిక్‌లో ఏం బిగించినా, ఏదీ బిగించకపోయినా ఒకటే. తేడా తెలిసేది చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీదే.

ఎయిర్ డ్యామ్ చేసే పని సింపుల్. కారు కిందికి దూరే గాలిని తగ్గిస్తుంది. దాని వెనక పీడనం పడిపోవడంతో ముక్కు లేవడం తగ్గుతుంది. ముందు రేడియేటర్ ఉన్న కార్లకు ఇంకో లాభం ఉంది: రేడియేటర్ దాటిన వేడిగాలిని ఆ తక్కువ పీడనమే కిందికి లాగేస్తుంది. మే నెల మద్రాసు ఎండలో ఇది నాకు కారును నేలకు అదిమే డౌన్‌ఫోర్స్ కన్నా విలువైనదిగా కనిపిస్తుంది. చిక్కల్లా స్పీడ్ బ్రేకర్లతోనే. అందుకే గట్టి ఫైబర్ కన్నా వంగే రబ్బరు అంచు మేలు. తగిలితే మడత పడుతుంది, పగలదు. రెండో చిక్కు బ్యాలెన్స్. ముందు మాత్రమే అదిమి వెనక వదిలేస్తే హైస్పీడ్ మలుపులో తోక జారుతుంది. పోర్షె 1972లో కారెరా ఆర్ఎస్ 2.7కు వెనక బాతుతోక స్పాయిలర్ పెట్టింది సోకుకు కాదు, వెనక లిఫ్ట్ తగ్గించడానికే.

ఫ్లాట్ ఫ్లోర్ లెక్కల్లో అందంగా ఉంటుంది. గొట్టాలు, గేర్‌బాక్స్, సందులు అన్నీ మూసేస్తే గాలి సాఫీగా పోతుంది, కారును వెనక్కి లాగే డ్రాగ్ తగ్గుతుంది. మరి వేడి ఎటు పోవాలి? పోర్షె 964కు (911 కార్లలో ఒక తరం) కంపెనీయే ఇంజిన్ కింద ట్రే పెట్టి ఇచ్చింది. దాన్ని ఊడదీసి మూల పడేసే ఓనర్లు బోలెడంతమంది. గాలితో చల్లబడే ఆ ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌లో ఫ్యాన్ తోసిన గాలి సిలిండర్లను చల్లబరిచి కిందికే పోవాలి, ట్రే ఆ దారికే అడ్డం. పైగా పాత ఇంజిన్ ఆయిల్ కార్చకుండా ఉంటుందా? ట్రేలో చేరిన ఆయిల్ సైలెన్సర్ పక్కనే ఉంటుంది. చవకగా దొరుకుతుందని షాపు బోర్డులకు వాడే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు కోసి బిగించేవాళ్లున్నారు. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే ఆ షీటును ఎగ్జాస్ట్ దగ్గరికి రానివ్వకండి, అచ్చమైన అల్యూమినియం రేకే వాడండి. ఇక సముద్రపు ఉప్పుగాలి సంగతి. ఈసీఆర్ ఇసుక, వానాకాలం బురద ట్రే పైన చేరి, ఆరకుండా, పాత ఇనుప బాడీని లోపల్నుంచి తినేస్తాయి. తుప్పు కంటికి కనిపించేటప్పటికి ఆలస్యమైపోతుంది.

డిఫ్యూజర్ మీద ఎక్కువ చెప్పను. అది పని చేయాలంటే ముందు నుంచి సాఫీగా వచ్చే గాలి కావాలి. పాత కారు వెనక భాగంలో డిఫరెన్షియల్, సైలెన్సర్, స్టెప్నీ గుంత అడ్డుపడతాయి, 911లో అయితే ఏకంగా ఇంజినే ఉంటుంది. 1978లో లోటస్ 79 అనే ఫార్ములా వన్ కారు నేలకు అతుక్కుపోయి గెలిచిందంటే, పక్కల్లో గాలి పోయే సొరంగాలనూ, అంచుల్లో నేలను తాకే స్కర్టులనూ (తెరల్లాంటి పలకలనూ) దృష్టిలో పెట్టుకుని కారంతా గీశారు గనక. ఫ్లాట్ ఫ్లోర్ లేని కారుకు వెనక నాలుగు రెక్కలు తగిలిస్తే అది అలంకారం, అంతే.

ఏది బిగించినా బాడీకి కొత్త రంధ్రాలు వేయించకండి. ఉన్న బోల్టులకే బ్రాకెట్లు చేయించి పెడితే రేపు విప్పేయొచ్చు, కారు ఒరిజినాలిటీ చెడదు. జాకీ పాయింట్లు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు తెరిచే ఉంచాలి. లేదంటే ప్రతి సర్వీసుకూ మెకానిక్ తిట్లు తప్పవు. పని చేస్తోందో లేదో తేల్చడానికి విండ్ టన్నెల్ అక్కర్లేదు. షాక్ అబ్జార్బర్ రాడ్‌కు ఒక జిప్ టై (ప్లాస్టిక్ కట్టు) బిగించి ట్రాక్ మీద ఒకే దారిలో, ఒకే వేగంతో ముందూ తర్వాతా తోలితే, సస్పెన్షన్ ఎంత దిగిందో అదే చూపిస్తుంది. గతుకులూ బ్రేకులూ కూడా దాన్ని జరుపుతాయి కాబట్టి నాలుగైదుసార్లు కొలిచాకే నమ్మండి.

ఫ్లాట్ ఫ్లోర్ నెగ్గే సందర్భం ఒకటుంది. కారు రోడ్డెక్కకుండా ట్రైలర్ మీద ట్రాక్‌కే వెళ్లేదై, నీళ్లతో చల్లబడే ఇంజిన్ అయి, రేడియేటర్ వేడికి బానెట్ మీదుగా దారి తీసినదైతే, అప్పుడు అడుగంతా మూయొచ్చు. అలాంటి కారుకు డిఫ్యూజర్ మాట కూడా నేను వింటాను. డిఫ్యూజర్ వాలు పది డిగ్రీలు దాటనివ్వకపోతే చాలు.