‘లైసెన్సు అక్కర్లేదు’ అంటూ అమ్మే ఎలక్ట్రిక్ స్కూటర్లతో జాగ్రత్త

లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదని చెబుతూ, గంటకు నలభై కిలోమీటర్ల వేగం వస్తుందని కూడా అదే నోటితో చెప్పి ఎవరైనా మీకు ఎలక్ట్రిక్ స్కూటర్ అమ్మజూపితే దయచేసి కొనకండి. ఈ రెండు మాటలూ ఒకే బండి విషయంలో నిజం కావడానికి మన చట్టంలో వీలు లేదు. 58,000 రూపాయలు పోసి కొన్నాక, ఆ బండి వల్ల ఒక పెద్దావిడకు దెబ్బ తగిలాక గాని నాకు ఆ సంగతి తెలియలేదు. బెంగళూరులో ఇలాంటి బండి కోసం చూస్తున్న తెలుగువాళ్లకైనా ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

మేము సీగేహళ్లిలో ఉంటాం, నా ఆఫీసు ఎం.జి. రోడ్డు దగ్గర. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా కలిసిపోయాక నాకు కారు అవసరం లేకుండా పోయింది. ఇబ్బందల్లా ఇంటి నుంచి కాడుగోడి స్టేషన్‌కు వెళ్లే ఆ కాస్త దూరమే. అందుకోసం మా దగ్గరున్న ఒక దుకాణానికి వెళ్లాను. యజమాని తెలుగువాడే. “మనవాళ్లు కదా సార్, మీకు అబద్ధం చెబుతానా” అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను అడగవలసిన ప్రశ్నలన్నీ మానేశాను. లిథియం బ్యాటరీ అన్నాడు, ఒక్క చార్జింగ్‌తో డెబ్బై కిలోమీటర్లు వస్తుందన్నాడు. డబ్బు కట్టాక సీటు ఎత్తి, లోపలున్న ఒక చిన్న కనెక్టర్‌ను ఊడదీసి, రెండు కొసలకూ నల్ల టేపు చుట్టి, “స్పీడ్ లాక్ తీసేశాను, ఇక హాయిగా పోతుంది” అన్నాడు. అది నాకు చేసిన మేలనే అనుకున్నాను.

ఐదో నెలకల్లా బండి ఇరవై కిలోమీటర్లకే ఆగిపోవడం మొదలైంది. మా వీధి చివర మెకానిక్ కాళ్లు పెట్టే పలక విప్పి చూపిస్తే, లోపల లిథియం ఊసే లేదు. ఒక్కొక్కటి 12 వోల్టుల చొప్పున ఐదు లెడ్ యాసిడ్ బ్యాటరీలు వరుసగా కలిపి ఉన్నాయి, వాటిలో రెండింటి పక్కలు ఉబ్బిపోయాయి. అంతకన్నా నన్ను కలవరపెట్టింది వెనక చక్రం. మోటారు మీద ‘250W’ అని అంటించిన స్టిక్కర్ వానకు అంచు లేచి ఉంది. గోటితో లాగితే ఊడి వచ్చింది. దాని కింద లోహం మీదే ‘60V 1000W’ అని చెక్కి ఉంది.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉంటేనే, అదీ అధీకృత పరీక్షా సంస్థ ధ్రువపత్రం ఇచ్చిన మోడల్ అయితేనే, ఆ బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ గీత దాటిన ప్రతి బండీ మోటారు వాహనమే. అంటే నేను అయిదు నెలలుగా నంబరు లేని, బీమా లేని వాహనాన్ని నగరం మధ్యలో నడుపుతున్నానన్న మాట. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. బీమా లేకపోతే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

జరిమానా సంగతి అలా ఉంచండి. బ్యాటరీలు మార్చాక ఒక సాయంత్రం మా తమ్ముడు బండి తీసుకువెళ్లి, సందు మలుపులో పూలు కొనుక్కుని వస్తున్న ఒక కన్నడ పెద్దావిడను తగిలించాడు. మోకాలి చిప్ప బీటలిచ్చింది. ఆమె కొడుకు ఎంతో మర్యాదగా, “ఇన్సూరెన్స్ కాగితం ఇవ్వండి, చాలు” అని అడిగినప్పుడు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. రిజిస్టరైన బండి అయివుంటే థర్డ్ పార్టీ బీమా ఆ భారం మోసేది. ఆసుపత్రి ఖర్చు 31,000 రూపాయలు నేనే కట్టాను, కట్టవలసిందే. ఆమెకు అంతకన్నా పెద్ద దెబ్బ తగిలి ఉంటే ఆ కుటుంబానికి నేను ఏం సమాధానం చెప్పగలిగేవాణ్నో ఇప్పటికీ తోచదు.

కాబట్టి కొనే ముందు వంగి, స్టిక్కర్ కాకుండా మోటారు మీద చెక్కిన అంకె చదవండి. బ్యాటరీ పెట్టె తెరిపించండి. ఇది రిజిస్ట్రేషన్ అక్కర్లేని ‘లో స్పీడ్’ బండి అని అమ్మేవాడు చెబితే, పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం నకలు అడిగి, అందులోని మోడల్ పేరూ బండి మీది పేరూ ఒకటేనా అని చూసుకోండి. బిల్లులో జీఎస్టీ నంబరు, మోటారు వాట్లు, బ్యాటరీ రకం, ఛాసిస్ నంబరు రాయించుకోండి. నాకిచ్చిన చీటీలో ‘ఈ-బైక్ 1’ అని తప్ప ఇంకేమీ లేదు, అందుకే దుకాణదారు ఇప్పుడు ‘లిథియం అని నేనెప్పుడు అన్నాను’ అంటున్నాడు. మీ అవసరానికి 25 కిలోమీటర్ల వేగం చాలకపోతే, ఖరీదు ఎక్కువైనా ఆకుపచ్చ నంబరు పలకతో రిజిస్టరయ్యే బండే తీసుకోండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, కానీ రెండేళ్లలోగా వెళ్లాలి. నేను ఆన్‌లైన్ చెల్లింపు రసీదు, ఊడి వచ్చిన ఆ స్టిక్కర్, చెక్కిన అంకె ఫొటో జతచేసి కమిషన్‌లో ఫిర్యాదు వేశాను, విచారణ ఇంకా మొదలు కాలేదు.

బండి మా మెట్ల కింద ఉంది. ఎవరికో ఒకరికి తక్కువకు అమ్మేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు గానీ, దాన్ని ఇంకొకరికి అంటగట్టడానికి నాకు మనసొప్పలేదు. స్టేషన్‌కు ప్రస్తుతం నడిచే వెళ్తున్నాను.