గర్భసంచి తీసేశాక కూడా స్మియర్: శ్రీకాకుళంలో నేను వెళ్లే క్లినిక్

ఈ క్లినిక్ నాకు ఎందుకు నచ్చిందంటే, స్మియర్ (బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌లో చూసే పరీక్ష) కోసం నన్ను టేబుల్ ఎక్కించే ముందు డాక్టరమ్మ పాత బయాప్సీ రిపోర్టు అడిగారు. అడిగి ఊరుకోలేదు, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నా తొందరపడలేదు. పేరు రాయడం లేదు, డాక్టరమ్మ వద్దన్నారు. మీరు ఎక్కడికి వెళ్లినా ఏం చూసుకోవాలో తెలుస్తుందని మాత్రం రాస్తున్నాను.

నాది నరసన్నపేట. చీరల మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. 2022లో విశాఖలో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఫైబ్రాయిడ్లు, అంటే సంచిలో గడ్డలు, ఉన్నాయి గానీ అసలు కారణం అవి కాదు. గర్భసంచి ముఖద్వారం (సర్విక్స్) దగ్గర సీఐఎన్-3 అని తేలింది. అది క్యాన్సర్ కాదు, పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నేళ్లకి క్యాన్సర్‌గా మారగలిగే మార్పు. ముందు లీప్ చేశారు, అంటే కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో చెడిన భాగాన్ని కోసి తీయడం. అంచుల్లో ఇంకా మిగిలి ఉందని రిపోర్టు వచ్చింది. దాంతో మొత్తం తీసేశారు. ఆ తర్వాతి రిపోర్టులో అంచులు క్లియర్. డిశ్చార్జి కాగితంలో మందుల కింద, అన్నిటికన్నా చివర, 'ఏటా వాల్ట్ స్మియర్' అని ఒక లైను ఉంది.

ఆ లైను చూపిస్తే మా వైపు పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఒక నర్సింగ్ హోమ్‌లో "సంచే లేదు కదమ్మా, ఇంకేటి స్మియర్?" అని నవ్వేశారు. ఇంకోచోట ఏ కాగితమూ అడక్కుండానే శాంపిల్ తీశారు. ల్యాబ్ ఫారంలో ఆపరేషన్ సంగతే రాయలేదు. లేని సర్విక్స్ బాగానే ఉందన్నట్టు రిపోర్టు వచ్చింది! ఆ కాగితం దాచుకున్నాను. చీర రంగు చూడకుండా ఫాల్ కోసి ఇచ్చినట్టుంది అని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

ఈ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. సంచితో పాటు ముఖద్వారం తీసేశాక యోని పైకొనను కుట్టేస్తారు. ఆ కుట్టిన చోటే వాల్ట్. ముఖద్వారంలో మార్పు తెచ్చింది హెచ్‌పీవీ వైరస్. అది ముఖద్వారానికే పరిమితం కాదు, దాన్ని ఆనుకున్న యోని పొరలో కూడా ఉండొచ్చు. ఆపరేషన్‌తో అవయవం పోతుంది గానీ వైరస్ కూడా పోయిందని చెప్పలేం. కొందరికి ఏళ్ల తర్వాత యోని పొరలోనే అలాంటి మార్పులు వస్తాయి, వాటిని వెయిన్ అంటారట. ఎక్కువమందికి రావు, వస్తే మొదట్లో ఏ బాధా ఉండదు, అందుకే వెతకాలి అన్నారు. రక్తపు మరకో, నీళ్లలాంటి స్రావమో, కలయిక తర్వాత రక్తమో కనిపిస్తే మాత్రం పరీక్ష తేదీ దాకా ఆగొద్దు, వెంటనే రమ్మన్నారు.

ఎన్నాళ్లు చేయించుకోవాలంటే, అమెరికాలోని ఏఎస్‌సీసీపీ అనే డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన లెక్క చెప్పారు. సీఐఎన్-2, సీఐఎన్-3 లాంటి మార్పులకి వైద్యం జరిగితే, సంచి తీసేసినా సరే, మొదట వరసగా మూడేళ్లు ఏడాదికోసారి హెచ్‌పీవీ పరీక్ష. అన్నీ బాగుంటే తర్వాత మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్ల పాటు. అన్ని దేశాల్లోనూ ఇదే లెక్క కాదు, అంచులు క్లియర్ అయితే తొందరగా ఆపేసే పద్ధతులూ ఉన్నాయట. మనకి ఏది సరిపోతుందో ఆపరేషన్ చేసిన డాక్టర్నీ అడగమన్నారు. నేను అడిగాను, ఆయన కూడా పెద్ద లెక్కే ఖాయం చేశారు. అంటే డెబ్బై దాటాక కూడా నేను ఆ టేబుల్ ఎక్కాల్సిందే. అప్పటికి మా షాపు ఎవరు చూస్తారో గానీ!

నాకు బాగా నమ్మకం కుదిరింది మా ఆడపడుచు విషయంలో. తోడుగా వచ్చింది. నన్ను చూసి భయపడి, "వదినా, నాకూ తీసీసినారు కదా, నేనూ చేయించీసుకుంటాను" అంది. డాక్టరమ్మ ఆమె ఫైలూ చూశారు. ఫైబ్రాయిడ్ల కోసం తీశారు, ముఖద్వారంతో సహా తీసేశారు, బయాప్సీ మామూలుగానే ఉంది, పాత స్మియర్లలోనూ ఏమీ లేదు. "మీకు అక్కర్లేదమ్మా, డబ్బులు దాచుకోండి" అని పంపేశారు, ఫీజు కూడా తీసుకోలేదు. వచ్చిన బేరాన్ని వద్దనడం ఎంత కష్టమో కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని, నాకు తెలుసు. ముఖద్వారం ఉంచేసి పై భాగం మాత్రమే తీసినవాళ్లు మాత్రం సంచి ఉన్నవాళ్లలాగే పరీక్షలు చేయించుకోవాలట. ఏం తీశారో, ఎందుకు తీశారో కాగితమే లేనివాళ్లకి అంత తేలిగ్గా అక్కర్లేదని చెప్పలేనన్నారు. మన రాష్ట్రంలో అలాంటివాళ్లు ఎంతమందో! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి లేదు, దేశం మొత్తం మీద చూస్తే నూటికి 3 మందే. అందులో ఎంతమంది దగ్గర బయాప్సీ రిపోర్టు ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక పరీక్ష సంగతి. ముందు రెండు రోజులు లోపల క్రీములు, మాత్రలు పెట్టుకోకూడదు, భర్తతో కలవకూడదు. ఇది ఫోన్లోనే చెప్తారు, అది మంచి పద్ధతి. అండాశయాలు లేవు కాబట్టి నాకు పొడిదనం ఎక్కువ. మొదట ప్రయత్నించినప్పుడు నొప్పికి బిగుసుకుపోయాను. బలవంతం చేయలేదు. కొన్ని వారాలు ఈస్ట్రోజెన్ క్రీము వాడి, పరీక్షకి ముందు ఆపి రమ్మన్నారు. పొర బాగా పల్చబడితే స్మియర్‌లో కణాలు కూడా సరిగ్గా అర్థం కావట. రెండోసారి లోపల కనిపించేలా తెరిచి పట్టే స్పెక్యులమ్ చిన్న సైజుది పెట్టారు, బ్రష్‌తో పైకొన చుట్టూ తిప్పి తీసి సీసాలోని ద్రవంలో వేశారు. నిమిషం కూడా పట్టలేదు. ఫారంలో 'వాల్ట్ శాంపిల్, 2022 హిస్టెరెక్టమీ, సీఐఎన్-3' అని నా ముందే రాశారు. ఆ ఫారం చూసి నాకు సగం టెన్షన్ తగ్గింది.

కన్సల్టేషన్ 400, హెచ్‌పీవీ, స్మియర్ రెండూ కలిపి 2,600 తీసుకున్నారు. రేటు ముందే చెప్పారు, బిల్లు ఇచ్చారు. స్త్రీ శక్తి పథకం వచ్చాక బస్సు ఖర్చు ఎలాగూ లేదు. రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది, మొత్తం ఇంగ్లీషే. హెచ్‌పీవీలో 16 రకం, 18 రకం విడిగా, మిగతా హై రిస్క్ రకాలు కలిపి ఉంటాయి. ముఖద్వార క్యాన్సర్లలో నూటికి 70 దాకా ఆ రెండు రకాల వల్లే కాబట్టి విడిగా చూస్తారని ఫోన్ చేసి చెప్పారు. నాకు మూడు వరసల్లోనూ నెగెటివ్.

నచ్చనివి కూడా ఉన్నాయి. రిసెప్షన్‌లో కుర్రాడు హాలంతా వినపడేలా "ఏం ప్రాబ్లమ్ అండీ? సంచి తీశారా?" అని అడుగుతాడు. పక్కన మా షాపుకొచ్చే కస్టమర్లు ఉంటే ఏం చెప్పాలి? నేను డిశ్చార్జి కాగితం తెరిచి ఆ లైను మీద వేలు పెట్టి చూపించాను. ఒక చీటీ మీద రాసి ఇమ్మంటే సరిపోయేదానికి ఈ గోల దేనికో. టోకెన్ తొమ్మిదికి ఇచ్చినా లోపలికి పిలిచేది మధ్యాహ్నానికే. బాత్రూమ్‌లో గొళ్లెం సరిగ్గా పడదు. కాల్పోస్కోపీ ఇక్కడ లేదు. హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే వెనిగర్ లాంటి ద్రవం, అయోడిన్ పూసి భూతద్దంలో చూసే ఆ పరీక్షకి విశాఖ పంపిస్తారు. అది ముందే చెప్పేశారు కాబట్టి తప్పు పట్టను.

ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, పాత స్మియర్లు జిరాక్సులు తీసి పట్టుకెళ్లండి, అసలువి ఇంట్లోనే ఉంచండి. శనివారం మాత్రం వద్దు, ఆ రోజు ఇచ్చిన శాంపిల్ సోమవారం దాకా ల్యాబ్‌కి కదలదు.