యముడా, ఫిడేలు వాయించే అస్థిపంజరమా?

హైదరాబాద్ కూడళ్లలో హెల్మెట్ పెట్టుకోమని చెప్పడానికి గద పట్టిన యముడి వేషం దిగితే ఆయనెవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. కిరీటం, పాశం, దున్నపోతు, పక్కన చిట్టా విప్పే చిత్రగుప్తుడు. మన మృత్యువుకు కొలువుంది, లెక్క ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చెబితే వింటాడు. సావిత్రి వెంటపడి, వరం మీద వరం అడిగి మొగుణ్ణి తెచ్చుకుంది. 'యమగోల' (1977), 'యమలీల' (1994) సినిమాల్లో కైకాల సత్యనారాయణ ఆ గాంభీర్యానికి నవ్వు కలిపి యముణ్ణి ఇంటి మనిషిని చేశారు.

యూరప్ మృత్యువు వట్టి ఎముకల గూడు. వాదనకు తావివ్వదు. జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ గీయగా, చెక్క అచ్చులతో 1538లో ముద్రించిన బొమ్మల్లో అది పోప్‌నూ వదలదు, రాజునూ వదలదు. ముసలి రైతు దగ్గర మాత్రం గుర్రాలను అదిలిస్తూ నాగలి పక్కనే పరుగెడుతుంది. ఆ బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను.

సంగీతంలో మాత్రం దానిదే పైచేయి. ఫ్రెంచ్ స్వరకర్త సెయింట్ సాన్స్ 1874లో కట్టిన 'దాన్స్ మకాబ్ర్' (మృత్యు నృత్యం) వినండి. అందులో మృత్యువు ఫిడేలు వాయిస్తుంటే అస్థిపంజరాలు చిందేస్తాయి. హార్ప్ అర్ధరాత్రి పన్నెండు కొడుతుంది. సోలో వయొలిన్ పై తీగను అర స్వరం కిందికి దించి శ్రుతి చేస్తారు, అందుకే మొదటి మోతకే ఒళ్లు జలదరిస్తుంది. చెక్క పలకల మీద కొట్టి వాయించే జైలోఫోన్ ఎముకల్ని కటకటలాడిస్తుంది. ఓబో అనే ఊదే వాద్యం తెల్లవారిందని కోడిలా కూయగానే అంతా చెల్లాచెదురు.

యముడి బలం మాటలో, పద్యంలో ఉంది. పిల్లలకు కథ చెప్పాలంటే నేను ఆయన్నే ఎంచుకుంటాను, సావిత్రి గెలుపు వాళ్లకు తెలియాలి కనుక. రాత్రిపూట ఒంటరిగా వినడానికైతే ఆ వయొలినే.