మోటార్ ఆంపియర్లు ఒక్కటే చూసే బాల్ మిల్ ప్యానెల్ కొనకండి

పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ పౌడర్ మిల్లులు నడిపేవాళ్లు ఆటో కంట్రోల్ ప్యానెల్ కొనాలనుకుంటుంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. మాది గూడూరు దగ్గర చిన్న యూనిట్. ఒక బాల్ మిల్ (లోపలి గుండ్లతో రాయిని పొడి చేసే తిరిగే డ్రమ్ము), ఒక క్లాసిఫయర్ (మెత్తటి పొడిని వేరు చేసి, ముతకని మళ్లీ మిల్లుకి పంపేది). సరుకు ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ వాళ్లకి వెళ్తుంది. పోయిన ఏడాది ఒక సప్లయర్ వచ్చి, 4.5 లక్షల ప్యానెల్ పెడితే ఆపరేటర్‌తో పనే ఉండదు, కరెంటు 20 శాతం ఆదా అని చెప్పాడు. నమ్మాను.

ఆ ప్యానెల్ చూసేది మెయిన్ మోటార్ ఆంపియర్లు మాత్రమే. అవి తగ్గితే మిల్లులో రాయి తక్కువైందనుకుని ఫీడర్ (మిల్లులోకి రాయి వేసే యంత్రం) స్పీడు పెంచుతుంది. కానీ బాల్ మిల్ అలా నడవదు. ఫీడ్ పెంచుతూ పోతే ఆంపియర్లు కొంతవరకే పెరుగుతాయి, మిల్లు మరీ నిండితే మళ్లీ పడిపోతాయి. మిల్లు ఖాళీగా ఉన్నా, గొంతుదాకా నిండినా మీటరు ముల్లు కిందికే దిగుతుంది. ఆ తేడా ప్యానెల్‌కి తెలియదు.

నవంబరు వానలకి రాయి తడిగా వచ్చింది. ఆ రాత్రి ఆంపియర్లు తగ్గాయి, ప్యానెల్ ఫీడ్ పెంచింది. ఇంకా తగ్గాయి, ఇంకా పెంచింది. రెండు గంటలప్పుడు మా పాత ఆపరేటర్ ఫోన్ చేసి, "సార్, మిల్లు మూగబోయింది, ఫీడ్ ఆపేస్తున్నా" అన్నాడు. లోపల బాల్స్ చప్పుడు మందగించిందని ఆయన చెవే పట్టింది. అప్పటికే, మిల్లు నుంచి వచ్చిన పొడిని పైకి మోసే బకెట్ ఎలివేటర్ జామ్ అయిపోయింది. శుభ్రం చేయడానికి రెండు రోజులు. 200 మెష్ జల్లెడ (చాలా సన్నటి కన్నాలది) మీద ముతక ఎక్కువ మిగిలిందని ఒక లోడ్ మోర్బీలో రిజెక్ట్ అయింది. సప్లయర్‌ని అడిగితే తడి రాయికి మా బాధ్యత లేదన్నాడు. పీఎల్‌సీ (ప్యానెల్‌ని నడిపే చిన్న కంప్యూటర్) పాస్‌వర్డ్ కూడా ఇవ్వలేదు.

ఆదా సంగతి కూడా చెప్పాలి. బాల్ మిల్‌లో కరెంటు చాలావరకు బాల్స్‌ని పైకి లేపడానికే పోతుంది, రాయి తక్కువ వేసినా బిల్లు పెద్దగా తగ్గదు. కాబట్టి చూడాల్సింది టన్నుకి ఎన్ని యూనిట్లు అన్నది, అదీ ఒకే జల్లెడ రిజల్ట్ మీద. ముతకగా ఆడించి ఆదా చూపించడం ఎవరికైనా తేలికే. ప్యానెల్ పెట్టకముందు 15 రోజుల లెక్క మీ దగ్గర రాసి ఉంచుకోండి.

ఇప్పుడు మేము ఫీడర్ డ్రైవ్ (ఫీడర్ స్పీడు మార్చేది) ఉంచుకుని, మిగతాది పక్కన పెట్టాం. ఎలివేటర్ మోటార్‌కి ఒక సీటీ (మోటార్ తీసుకునే కరెంటు కొలిచేది), ఒక రిలే (దాన్నిబట్టి పనిచేసే స్విచ్) వేయించాం. మిల్లుకి తిరిగొచ్చే ముతక పెరిగి ఎలివేటర్ లోడు హద్దు దాటితే ఫీడర్ ఆగిపోతుంది. కొన్ని వేలతో అయిపోయింది. గంటకోసారి జల్లెడ పరీక్ష, ఆపరేటర్ చెవి ఎలాగూ ఉన్నాయి.

మీకు అమ్మడానికి వచ్చినవాడిని, మిల్లు నిండి ఆంపియర్లు పడిపోతే నీ ప్యానెల్ ఏం చేస్తుందని ముందే అడగండి. ట్రయల్‌లో కావాలనే ఫీడ్ పెంచి, ఆపరేటర్‌ని పక్కనే నిలబెట్టి చూపించమనండి. అది చూసేదాకా, పాస్‌వర్డ్ చేతికొచ్చేదాకా సగానికి మించి డబ్బు ఇవ్వకండి.