ట్రెడెగర్, వెస్ట్ పాయింట్: ఎవరి ఫిరంగులు మేలు?

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) దక్షిణాదికి పెద్ద దిక్కు రిచ్‌మండ్‌లోని ట్రెడెగర్ కార్ఖానా. ఉత్తరాదికి హడ్సన్ నది ఒడ్డున, కోల్డ్ స్ప్రింగ్‌లో ఉన్న వెస్ట్ పాయింట్ ఫౌండ్రీ.

సంఖ్యలో పోటీయే లేదు. ట్రెడెగర్ సుమారు 1,100 ఫిరంగులు పోస్తే, వెస్ట్ పాయింట్ దాదాపు 2,000 పోసింది.

అసలు తేడా తయారీలో ఉంది. రెండు చోట్లా గొట్టం పోత ఇనుమే. పేలుడు ఒత్తిడికి అది పగలకుండా వెనక భాగానికి దుక్క ఇనుప పట్టీ బిగించేవారు. వెస్ట్ పాయింట్‌లో రాబర్ట్ పారట్ ఒకే మందపాటి పట్టీని ఎర్రగా కాల్చి తొడిగి, గొట్టాన్ని తిప్పుతూ లోపల నీళ్లు పోయించేవాడు. పట్టీ అన్ని వైపులా సమానంగా బిగుసుకునేది. అంత మందం పట్టీ చేసే యంత్రాలు ట్రెడెగర్‌కు లేవు. అందుకే దక్షిణాది నావికాధికారి జాన్ బ్రూక్ రూపొందించగా అక్కడ పోసిన బ్రూక్ ఫిరంగులకు రెండంగుళాల పట్టీలను వరుసగా, అవసరమైతే ఒకదానిమీద ఒకటి తొడిగారు.

అయినా పారట్ పెద్ద ఫిరంగులను నమ్మడం కష్టం. 1863లో దక్షిణాది నగరం చార్లెస్టన్‌పై పేల్చిన 'స్వాంప్ ఏంజెల్' అనే పారట్ ఫిరంగి 36వ గుండుకే పగిలింది. 1864 డిసెంబరులో దక్షిణాది కోట ఫోర్ట్ ఫిషర్ దగ్గర కొన్ని పేలి సొంత నావికులనే చంపాయి. పెద్ద సైజుల్లో నా ఓటు బ్రూక్‌కే.

కానీ ట్రెడెగర్ పనితనం గురించి చెప్పి బానిసల గురించి చెప్పకపోతే అన్యాయం. 1847లోనే, బానిసలకు పని నేర్పబోమని సమ్మె చేసిన తెల్ల కార్మికులను యజమాని జోసెఫ్ ఆండర్సన్ తీసేశాడు. యుద్ధకాలంలో ఆ కొలిముల దగ్గర బానిసల చెమట ఇంకా పెరిగింది.